యాత్రాభిలాష సినిమాలవలననే కలుగునా?

ఇటీవల చెన్నపురిలోని మన తెలుగు కుటుంబములు నలుగురు కలిసికొన్న చోటనెల్ల ఒక మాట వినవచ్చుచున్నది. మన పిల్లలకు దేశసంచారమునందు అభిరుచి కలిగించినవి సినిమాలేననియు, ఇప్పుడు చేతిలోని ఫోను తెరమీద కనబడు ప్రయాణ చిత్రములు ఆ పనిని మరింత సులభము చేసినవనియు, ఇంక యాత్రాగ్రంథములు బీరువాలలో దుమ్ము పట్టుటకే గాని మరి దేనికిని పనికిరావనియు ఆ మాట సారాంశము. ఈ మాట చెప్పుచున్నవారు చదువురానివారు కారు. పెద్ద చదువులు చదివినవారే. పుస్తకములకు విడిచిన గదిని ఖాళీచేసి అచ్చట పెద్ద తెర నొకటి అమర్చిన బాగుండునని సలహా యిచ్చువారును గలరు. ఈ అభిప్రాయము సరికాదని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము పండితులము కాము. పదవ తరగతితో చదువు చాలించి, ఒక కార్యాలయములో గుమాస్తాగా చేరి, ముప్పది యేండ్లకు పైగా కాగితములు సరిచూచి విశ్రాంతి పొందినవారము. అందులో చాల కాలము మా బల్లమీదికి వచ్చినవి ఉద్యోగుల ప్రయాణపు బిల్లులు. నాలుగేండ్లకొకసారి దేశములో ఏ మూలకైనను కుటుంబసమేతముగా పోయి వచ్చుటకు ఎల్.టి.సి. యను సదుపాయము కలదని సర్కారు కొలువు చేసినవారందరికిని తెలియును. బిల్లు పైకి పంపుటకు ముందు, అలవాటుచొప్పున, “ఏమేమి చూచి వచ్చినారు?” అని అడుగుచుండెడివారము. కాశ్మీరమునకు పోయి వచ్చినవారు, ఊటీకి పోయి వచ్చినవారు, గోవాకు పోయి వచ్చినవారు, అందరును ఇంచుమించు ఒకే సమాధానము చెప్పెడివారు: “అచ్చము సినిమాలో చూచినట్లే ఉన్నదండీ.” అంతకు మించిన ప్రశంస వారికి తెలియదు. ఏ ఊరిలో దిగినారో, ఏ నది దాటినారో, అచ్చటి జనులు ఏమి తిని ఎట్లు బ్రతుకుచున్నారో అడిగినచో ముఖముఖములు చూచుకొనెడివారు.

మా కార్యాలయములోనే ఒక అటెండరుండెడివాడు. అతడు ఆ సదుపాయముమీదనే తల్లిని తీసికొని గయకు పోయి వచ్చెను. వచ్చినపుడు అతని చేతిలో నలుబది పుటల నోటుపుస్తక మొకటి యుండెను. ఏ స్టేషనులో బండి ఎంతసేపు నిలిచినదియు, ఏ సత్రములో గది దొరకినదియు, బియ్యము ధర యెంతయు, ఫల్గునీ నదిలో నీరు లేక ఇసుకలో చెలమ త్రవ్వి నీరు తీయుటయు, అచ్చటి పండా తెలుగు ఎక్కడ నేర్చినదియు అందులో వ్రాసియుండెను. ఇవన్నియు వ్రాయుట ఎవరు నేర్పినారని అడిగితిమి. ఎవరును నేర్పలేదనియు, చిన్నతనమున తండ్రి చదివి వినిపించిన కాశీమజిలీ కథలు తన తలలో నుండిపోయినవనియు చెప్పెను. ఒకే సర్కారు సొమ్ముతో రెండు విధముల ప్రయాణములు జరిగినవి. అందు ఒకటి తెరవలన కలిగినది. రెండవది పుస్తకమువలన కలిగినది. మా వాదమునకు ఇదియే మొదలు.

చూడవలెనను కోరిక యొకటి, పోయి తెలిసికొనవలెనను కోరిక యొకటి. ఈ రెండింటిని ఒకటిగా భావించుటవలననే ఈ పొరపాటు పుట్టుచున్నది. మొదటిది ఒక దృశ్యముతో తీరిపోవును. దాని ముందు నిలిచి ఫోటో తీసికొన్న క్షణముననే అది ముగిసినది. రెండవది ఒక ఊరు చూచిన కొలదియు మరియొక ఊరిని అడుగుచుండును. యాత్రాభిలాష యని మన పెద్దలు దేనిని చెప్పిరో అది ఈ రెండవది. ఏ పుస్తకమైనను, ఏ చిత్రమైనను, ఏ ప్రదర్శనమైనను ఈ రెండవ కోరికను కలిగించినదా లేదా యని పరీక్షింపవలెను.

ఈ పరీక్షలో నెగ్గిన గ్రంథము మన తెలుగులో, మన చెన్నపట్టణముననే పుట్టినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు ఇచ్చటి సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషిగా కొలువు చేయుచున్న కాలముననే, 1830వ సంవత్సరము మే 18వ తేదీ రాత్రి, కాశీయాత్రకై పట్టణము విడిచి, తండయారుపేటలోని తమ తోటయింటికి చేరిరి. నాలుగు దినములకు అచ్చటినుండి కదలి మాధవరము మజిలీ చేసిరి. పిమ్మట తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బలుపూరు, ప్రయాగ మీదుగా కాశి. అచ్చటినుండి గయ, పాట్నా, కలకత్తా. తిరుగుదారిలో జగన్నాథము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు. 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన తిరిగి చెన్నపట్టణము చేరిరి. మొత్తము పదునైదు నెలల పదునైదు దినములు. దక్షిణదేశమున మొదటి రైలు రాయపురమునుండి బయలుదేరుటకు ఇంకను ఇరువదియైదు సంవత్సరముల వ్యవధి యున్న కాలమది.

ఆయన దారి పొడవునను తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి సమాచారము వ్రాయుచు వచ్చిరి. ఆ పిళ్లగారే దానిని కూర్చి 1838లో అచ్చువేయించిరి. అదియే కాశీయాత్రచరిత్ర. తెలుగున తొలి యాత్రాగ్రంథముగా పండితులు దీనిని లెక్కింతురు. 1869లో రెండవ ముద్రణము వచ్చెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు పీఠికతోను, వివరణలతోను మరల ప్రకటించి దానికి క్రొత్త ప్రాణము పోసిరి.

ఆ గ్రంథములో ఏమున్నది? మజిలీకి మజిలీకి నడుమ దూరమెంత, దారి ఇసుకయా రాతినేలయా, ఏటిలో నీరెంత, ఊరిలో అంగళ్లున్నవా, సామాను దొరకునా, బోయీలకు కూలి యెంత, అచ్చటి జనుల భాష యేది, ఆచారమేది, దొరతనము ఎట్లున్నది, ఇవన్నియు ఉన్నవి. వర్ణన తక్కువ, వివరము ఎక్కువ. అయినను చదువుచున్నంతసేపు మన కాళ్లు ఊరకుండవు. ఏలయన, ఆయన చూపినది దారి. ఆ దారిన మనమును పోగలమను ధైర్యము ప్రతి పుటలోను దొరకును. ఆయన రాజు కాడు, సన్న్యాసి కాడు. కచేరీలో కాగితములతో కాలము గడపిన ఉద్యోగి. మావంటి గుమాస్తాలకు ఆ గ్రంథముమీద ఇంత మమకారముండుటకు ఇదియు నొక కారణము.

ఇప్పుడు ఒక విశేషము గమనింపుడు. వీరాస్వామయ్యగారు మజిలీ చేసిన ఆ మాధవరముననే 2018లో పెద్ద బస్సు స్టేషను తెరచిరి. తిరుపతి, నెల్లూరు, విజయవాడ, హైదరాబాదులకు పోవు బస్సులు అచ్చటినుండి బయలుదేరుచున్నవి. మనవారు వేసవి సెలవులకు స్వగ్రామములకు పోవుచు అచ్చట గంటలకొలది కూర్చుండుచున్నారు. చేతిలో ఫోను, చెవిలో పాట. తాము కూర్చున్న చోటు తెలుగు యాత్రాసాహిత్యములో మొదటి మజిలీలలో ఒకటియని వారిలో ఎందరెరుగుదురు? ఎరుగకపోవుట వారి దోషము కాదు. ఎరిగించవలసిన మనము ఆ పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసితిమి.

ఇక మా అటెండరుకు దారి చూపిన కాశీమజిలీ కథల సంగతి. వానిని రాజమహేంద్రవరములో మధిర సుబ్బన్నదీక్షితులుగారు పండ్రెండు సంపుటములుగా వ్రాసిరి. కాశికి పోవు మణిసిద్ధుడను యతికి తోడుగా ఒక గోపకుమారుడు బయలుదేరును. ప్రతి మజిలీలోను ఆ పిల్లవాడు ఏదో వింత చూచి దాని కథ చెప్పుమనును. చెప్పినగాని అడుగు ముందుకు వేయడు. కథలన్నియు కల్పితములే, అద్భుతములే. అయినను ఆ కూర్పులో ఒక గొప్ప పాఠమున్నది. నడచినవానికే కథ దొరకును, చూచి ప్రశ్నించినవానికే సమాధానము దొరకును. ఆ పిల్లవాడు ప్రశ్నించుట మానినచో గ్రంథము మొదటి మజిలీలోనే ఆగిపోయియుండెడిది.

1951లో వచ్చిన పాతాళభైరవికి మూలము ఆ కథలలోనే యున్నదని సినిమా చరిత్ర తెలిసినవారు చెప్పుదురు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో, మన వడపళనిలోని వాహినీ స్టూడియోలో తయారైన చిత్రమది. చక్కని చిత్రము, దానిని ఎవరు కాదనగలరు? కాని మజిలీలవెంట నడచిన కథ వడపళనిలోని నాలుగు గోడల నడుమ నిలిచినది. తోటయు, కోటయు, గుహయు అన్నియు అచ్చటనే లేచినవి. చూచినవారు ఆనందించి ఇంటికి పోయిరి. ఏ ఊరికిని పోవలెనని ఎవరికిని తోచలేదు. తోచకపోవుట ఆ చిత్రమునకు లోపము కాదు. అది అందుకొరకు తీసినది కాదు. దానిచేత ఆ పని జరిగినదని మనము చెప్పుకొనుటయే తప్పు.

పిమ్మట సినిమాలు స్టూడియో దాటి బయటికి వచ్చినవి. దూరదేశములకును పోయినవి. ఈనాడు ఏ తెలుగు చిత్రము చూచినను ఒక పాటలో మంచుకొండ, మరియొక పాటలో సముద్రతీరము. నాయికానాయకులు రాజమహేంద్రవరములో మాటలాడుచుండగనే ఆల్ప్సు పర్వతములపై పాడుదురు. ఆ కొండ పేరేమి? ఆ లోయలో ఎవరు బ్రతుకుచున్నారు? చిత్రము చెప్పదు, చూచువాడు అడుగడు. స్విట్జర్లాండువారు మాత్రము తెలివైనవారు. హిందీ దర్శకుడు యశ్ చోప్రా తమ దేశమును చిత్రములలో చూపినందులకు 2016లో ఇంటర్లాకెన్ పట్టణమున ఆయన విగ్రహమును నిలిపిరి. మనవారు లక్షలు వెచ్చించి అచ్చటికి పోయి, ఆ విగ్రహము ప్రక్కన నిలిచి ఫోటో తీసికొని వచ్చుచున్నారు. పొరుగుదేశమునకు పోయి మన సినిమావాని విగ్రహమును చూచి వచ్చుటను దేశసంచారమనవచ్చునా?

స్వదేశములో జరుగుచున్నదియు ఇట్లే యున్నది. 2015లో బాహుబలి చిత్రము వచ్చిన తరువాత జనులు తండోపతండములుగా రామోజీ ఫిల్మ్ సిటీకి పోయి అట్టలతోను, సున్నముతోను నిలిపిన మాహిష్మతిని చూచి వచ్చిరి. మాహిష్మతి యనునది మన పురాణములలో నున్న నిజమైన నగరము. నర్మదా తీరమున, మధ్యప్రదేశములో నున్న మహేశ్వరమే ఆ ప్రాచీన మాహిష్మతి యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అచ్చట రాణి అహల్యాబాయి హోల్కరు కోటయు, నది ఒడ్డున మెట్లరేవులును, చేతిమగ్గములపై నేయు మహేశ్వరి చీరలును నేటికిని కలవు. అట్టల మాహిష్మతికి పోయినవారిలో వందకొక్కడైనను నిజమైన మాహిష్మతి యెక్కడనని అడిగియుండునా? అడుగునట్టి కోరికను చిత్రము కలిగింపలేదు.

మన తమిళదేశముననే మరియొక ఉదాహరణము కలదు. కొడైకెనాలులో దయ్యపు వంటిల్లని ఇంగ్లీషువారు పేరు పెట్టిన గుహలున్నవి. 1991లో కమలహాసనుగారి గుణ చిత్రము అచ్చట తీయబడిన తరువాత వాని పేరే గుణగుహలుగా మారిపోయినది. 2006లో కేరళమునుండి వచ్చిన యువకులలో ఒకడు అచ్చటి లోతైన గోతిలో పడగా, అతని మిత్రుడు దిగి రక్షించెను. ఆ సంఘటనను 2024లో మలయాళమున మంజుమ్మెల్ బాయ్స్ అను చిత్రముగా తీసిరి. అది తెలుగులోను వచ్చినది. కాలు జారి గోతిలో పడిన కథను చూచి, ఆ గోతిని చూడవలెనని జనము గుంపులుగా కొడైకెనాలుకు తరలిరి! జాగ్రత్త చెప్పిన కథయే గుంపును పిలిచినది. తెరకు ఎంత బలమున్నదో ఇందువలన తెలియును. ఆ బలము జనులను ఎచ్చటికి, ఎందుకు నడిపించుచున్నదను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది.

ఇంతవరకు చదివిన పాఠకులు, మాకు సినిమాలపై ద్వేషమున్నదని తలపవచ్చును. అట్లు తలపవలదు. బాపు రమణగారలు 1973లో తీసిన అందాలరాముడు చూడుడు. రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు గోదావరిపై పోవు లాంచిలోనే కథయంతయు నడచును. రేవులు, పాపికొండలు, లాంచిలోని పలుతెరగుల మనుష్యులు, వారి తగవులు, వారి వంటలు, అన్నియు కనబడును. 2006లో శేఖర్ కమ్ములగారు గోదావరి యను చిత్రమును అదే దారిలో నడిపించిరి. ఈ చిత్రములు చూచి ఎందరో తెలుగువారు, చెన్నపురివారును, గోదావరికి పోయి లాంచి యెక్కిరి. ఏల? అందులో ఊరికి పేరున్నది, దారికి మొదలును తుదియు నున్నవి, తోడి ప్రయాణీకులున్నారు. వీరాస్వామయ్యగారి పద్ధతియే అది. కనుక మేము తగవు పెట్టుకొన్నది తెరతో కాదు. దారి చూపని తెరతో.

అయినను మంచి చిత్రము కూడ కొన్ని సంగతులు చెప్పజాలదు. మూడు గంటలలో ఏటికి ఒక ఋతువే యుండును. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదతో పొంగుచుండగా, పాపికొండలు చూడబోయిన పర్యాటకుల పడవ కచ్చులూరువద్ద మునిగి నలుబదిమందికి పైగా మరణించిరి. ఆ ప్రయాణీకులను మేము తప్పుపట్టము. వరదలో పడవ నడుపవచ్చునా లేదా యని నిర్ణయించుట టిక్కెట్టు కొన్నవాని పని కాదు. కాని భాద్రపదములో గోదావరి యెట్లుండునో, ఏ నెలలో ఏ నది దాటరాదో, ఎచ్చట ఆగి వేచియుండవలెనో మన పాత యాత్రికులకు కంఠపాఠముగా నుండెడిది. వీరాస్వామయ్యగారి గ్రంథములో నదులు దాటిన ఘట్టములు చదివినవారికి నీటియెడల భయభక్తులు రెండును కలుగును. అందమైన నీటిని మాత్రమే చూచిన కంటికి ఆ భయము తెలియదు.

ఇప్పుడు ఫోను సంగతి. ప్రపంచమంతయు తిరుగుచు, తాము పోయిన దేశములను తెలుగులో వివరించి చూపు యువకులు కొందరు బయలుదేరినారు. వారిలో మంచివారిని చూచి మాకు ముచ్చట వేయుచున్నది. బస్సు ఛార్జీ ఇంత, గది అద్దె ఇంత, వీసాకు ఈ కాగితములు కావలెను, ఈ వీధిలో జాగ్రత్త అని వారు చెప్పుచున్నారు. సినిమా పాటలకంటె వీరే వీరాస్వామయ్యగారికి దగ్గరి బంధువులు. కాని చాలమంది తెరలో తమ ముఖమునే నిండుగ నింపుదురు. ఊరు భుజము వెనుక సందులో కనబడును. ఒక దేశమును పది నిమిషములలో ముగింతురు. చూచువాడు అదే రాత్రి పది దేశములు చూచి, ఏ దేశమునకును పోనక్కరలేదను తృప్తితో నిద్రించును. ఆకలి పుట్టించవలసిన వస్తువు కడుపు నింపినట్లు భ్రమ కలిగించినచో దానిని ఏమనవలెను?

గ్రంథమైనంతమాత్రమున మంచిదని కూడ మేము చెప్పము. ఈ తీర్థములో మునిగిన ఇంత పుణ్యము, ఆ గుడి చుట్టిన అంత ఫలమని పట్టికలు వేసిన పుస్తకములు వేలకొలది గలవు. అవియు దారి చూపవు. నాయని కృష్ణకుమారిగారి కాశ్మీర దీపకళికవంటిది, విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో చిత్రకళ బోధించి, దేశమును కాలినడకన చుట్టిన మాచవరపు ఆదినారాయణగారి భ్రమణకాంక్షవంటిది చదివిచూడుడు. వాహనము ఎక్కి పోవువాడు చూడనివి నడచువాడు ఎన్ని చూచునో, నడచువానికి ఎన్ని గుమ్మములు తెరచుకొనునో తెలియును. తెలుగులో యాత్రారచన 1838తో మొదలై అచ్చటనే ఆగిపోలేదు. చదువుట మనము ఆపితిమి.

ఈ వాదమంతయు చెన్నపురి తెలుగువారికే ప్రత్యేకముగా ఏల చెప్పుచున్నాము? మన స్థితి ఇతరులవంటిది కాదు. ఆంధ్రములోనో, తెలంగాణములోనో నున్న తెలుగు పిల్లవానికి ఊరు కదలిన చాలు, బోర్డులమీద తెలుగు కనబడును. మన పిల్లవానికి తెలుగు వెదకికొనిపోవలసిన వస్తువు. ఆ వెదకుటకు ఈ నగరముచుట్టునే ఎన్ని తావులున్నవో చూడుడు.

పోరూరు, కున్రత్తూరుల చేరువను కోవూరను గ్రామమున్నది. అచ్చటి సుందరేశ్వరస్వామిమీద త్యాగరాజస్వామివారు అయిదు కృతులు రచించిరి. సహాన, ఖరహరప్రియ, పంతువరాళి, కల్యాణి, శంకరాభరణము అను అయిదు రాగములలో నున్న ఆ కృతులను కోవూరు పంచరత్నములందురు. సుందరమొదలియారుగారను తమిళ ప్రభువు ఆయనను ఆహ్వానించి తీసికొనివచ్చినందున అవి పుట్టినవి. ఉత్తరమున తిరువొత్తియూరులో త్రిపురసుందరీదేవిమీద మరి అయిదు కృతులు కలవు. ఈ పది కృతులును మన నగరపు రెండు కొసలలో పుట్టినవే. సంగీత సభలలో తమిళ విద్వాంసులు వానిని భక్తితో పాడుచున్నారు. సిటీ బస్సులో పోయి రాగల ఆ రెండు గుడులను చూడని తెలుగు కుటుంబము, ఇంటర్లాకెన్ చూచి వచ్చినదని విన్నపుడు మేము సంతోషించవలెనా, విచారించవలెనా?

ఇంకను కొంచెము దూరము పోదము. తంజావూరు సరస్వతీమహలులో నాయకరాజుల నాటి తెలుగు తాళపత్రములున్నవి. కావేరి ఒడ్డున తిరువయ్యారులో త్యాగరాజస్వామివారి సమాధి యున్నది. దానిపై మందిరమును బెంగుళూరు నాగరత్నమ్మగారు సొంత సొమ్ము వెచ్చించి కట్టించిరి. తంజావూరికి చేరువనే మెలట్టూరు అను గ్రామము కలదు. అచ్చట ఏటేట నృసింహజయంతి దినములలో భాగవతమేళ నాటకములు ఆడుదురు. మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన ప్రహ్లాదచరిత్రము మొదలైనవన్నియు తెలుగు నాటకములు. తమిళసీమ నడుమ, పురుషులే స్త్రీవేషములు ధరించి, రాత్రియంతయు తెలుగు పాటలు పాడి తెలుగున సంభాషింతురు. యాత్రాభిలాష కలిగించు ప్రదర్శనమనగా ఏదియని అడిగినవారికి మేము మెలట్టూరు పేరే చెప్పుదుము. దానిని చూడవలెనన్న ఆ ఊరికే పోవలెను. పోయినవాడు, ఇచ్చటికి తెలుగు ఎట్లు వచ్చినది, ఎవరు తెచ్చిరి, ఎవరు నిలిపిరి అని అడుగక తిరిగిరాలేడు.

అసలు నష్టము ఎచ్చటనున్నదో ఇప్పుడు చెప్పుదుము. మన ఇండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుచున్నారు; చాలమందికి తెలుగు చదువుట రాదు. పాఠశాలలో తమిళము, ఇంగ్లీషు నేర్చుచున్నారు. తమిళము నేర్వవలసినదే; అన్నము పెట్టిన నేల భాషను నేర్చుట మన ధర్మము. కాని తెలుగు అక్షరము ఇంటిలో నేర్పనిచో మరి యెక్కడను దొరకదు. సినిమాకు అక్షరము అక్కరలేదు. ఫోను చిత్రమునకును అక్కరలేదు. వానితోనే తృప్తిపడినచో మన మనుమలకు తెలుగు చెవితో విను భాషగా మాత్రమే మిగులును. పిదప చెవికిని దూరమగును. అప్పుడు తంజావూరు తాళపత్రములయెదుట వారు పరదేశులవలె నిలుచుందురు. స్విట్జర్లాండులో ఎట్లో, సరస్వతీమహలులోను అట్లే. అద్దము వెనుకనున్న దానిని చూచి, ఫోటో తీసికొని వచ్చెదరు. గ్రంథాలయపు గదిని ఖాళీచేయుమని చెప్పువారు ఈ ఫలితమును ఆలోచించిరా?

ఆ పాత తెలుగు పిల్లలకు అర్థము కాదని కొందరనుచున్నారు. వీరాస్వామయ్యగారి భాష గ్రంథాల భాష కాదు; ఆనాటి చెన్నపట్టణపు వ్యవహారమునకు చాల దగ్గరిది. అరవ మాటలు, కచేరీ మాటలు అందు కలిసియున్నవి. మన యింటి పెద్దమ్మలు, తాతలు మాటలాడిన తీరు దానిలో వినబడును. పెద్దవారొకరు దగ్గర కూర్చుండి నాలుగు పుటలు చదివి వినిపించినచో అయిదవ పుట పిల్లవాడే అడుగును. రంగులబొమ్మలు లేవని మరికొందరనుచున్నారు. గోపకుమారునికి మణిసిద్ధుడు బొమ్మలు చూపలేదు, కథ చెప్పినాడు.

ఖండించి ఊరకుండుట మర్యాద కాదు గనుక మా విన్నపమును కూడ తెలుపుచున్నాము. నగరములోని తెలుగు సంఘములు నెలకొక ఆదివారము కాశీయాత్రచరిత్రలో ఒక మజిలీని పెద్దలచేత చదివించి పిల్లలకు వినిపింపవలెను. సంవత్సరమునకు రెండు మారులైనను కోవూరు, తిరువొత్తియూరులకు కుటుంబములను తీసికొనిపోవలెను. ఆ కృతులు నేర్చినవారిని వెంట పిలిచి ఆ గుడులలోనే పాడింపవలెను. ఒకమారు మెలట్టూరు పోవలెను. ఏ ప్రయాణమునకు పోయిన పిల్లవాడైనను, తిరిగివచ్చిన వారములోగా ఒక స్నేహితునికి తెలుగులో ఉత్తరము వ్రాయవలెను. దారి యెంత, ఖర్చెంత, ఎవరిని కలిసితివి, ఏమి తింటివి, ఏమి అర్థము కాలేదు, ఈ అయిదు సంగతులు చాలును. తప్పులున్నను దిద్దక అట్టి ఉత్తరములను సంచికలలో అచ్చువేయవలెను. అందాలరాముడువంటి చిత్రమును కూడ వేయవలెను; చూచిన పిమ్మట పటము తీసి ఆ రేవులన్నియు పిల్లలచేత గుర్తు పెట్టింపవలెను. వీనిలో ఏదియు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ముప్పది యేండ్లు ప్రయాణపు బిల్లులు చూచిన అనుభవముతో ఈ మాట చెప్పుచున్నాము.

2030వ సంవత్సరము మే 18వ తేదీకి వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి బయలుదేరి రెండువందల సంవత్సరములు నిండును. ఆ దినమున ఉపన్యాసములకును, పూలదండలకును కొదువ యుండదు. మేము కోరునది ఒక్కటియే. తండయారుపేటనుండి మాధవరము వరకు మన పిల్లలు కొందరు కాలినడకన పోయి, ఆ బస్సు స్టేషనులో కూర్చుండి, ఆ మజిలీని వర్ణించిన పుటను ఎవరి సాయమును లేక తామే తెలుగులో చదువవలెను. దానికి ఇంక వ్యవధి ఎక్కువ లేదు; అక్షరాభ్యాసము ఈ సంవత్సరమే మొదలుపెట్టవలెను.